కీబోర్డు పాఠాలు – 4: ఆకివీడు అని పూటకి ముప్పై తొమ్మిదిసార్లు ఎందుకు కొట్టాలి?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను, చేశారా? కీబోర్డు పక్కన చిత్తుకాగితం పెట్టుకుని, చెయ్యి మౌసు మీదకి వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత, ఇంతకుముందు కొట్టిన మాటే మళ్ళీ కొట్టిన ప్రతిసారీ ఒక సున్నా పెట్టమన్నాను. చేయకపోతే ఇవాళ చేసి రేపు చదవండి, తొందరేం లేదు.

నా కాగితం సంగతి చెప్తాను. భీమవరం దగ్గర రొయ్యల కాటాలో నేను లెక్కలు రాస్తాను. పట్టుబడి రోజుల్లో, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో, తెల్లారకముందే వ్యాన్లు వరసకడతాయి, తూకం వేసేవాళ్ళు కేకేస్తుంటే నేను ఎక్సెల్‌లో కొట్టుకుంటూ పోవాలి: తేదీ, రైతు పేరు, ఊరు, కౌంటు, కిలోలు, రేటు. (కౌంటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయో ఆ సంఖ్య. 40 కౌంటంటే కిలోకి నలభై రొయ్యలు, సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది.) పొద్దెక్కాక కాగితం చూస్తే నూట పది సున్నాలున్నాయి. అందులో ఆకివీడు ఒక్కటే ముప్పై తొమ్మిది. మిగతావి ఉండి, కాళ్ళ, వీరవాసరం, మొగల్తూరు. అంటే నేను లెక్కలు రాయట్లేదండీ, ఊళ్ళ పేర్లు ఇంపోజిషన్ రాస్తున్నాను.

షార్ట్‌కట్లు (మౌసు ముట్టకుండా బటన్లతోనే పని తెమిల్చే అడ్డదారులు) నేర్చుకుందామనుకునేవాళ్ళు మామూలుగా చేసే పని వంద షార్ట్‌కట్ల జాబితా ప్రింటు తీసి గోడకి అంటించడం. నేనూ అంటించాను, ఐసు చెమ్మకి నాలుగు రోజుల్లో ఊడిపోయింది, ఊడేలోపు నేను నేర్చుకున్నవి రెండు. మీకు కావాల్సిన షార్ట్‌కట్ ఏదో ఆ జాబితా చెప్పలేదు, మీ చిత్తుకాగితం చెప్తుంది. సున్నాలు ఎక్కడ పోగుపడ్డాయో అక్కడ మొదలుపెడదాం.

ముందు ఎక్సెల్ వాళ్ళకి. పై గడిలో ఉన్నదే కింద కూడా రావాలంటే కింద గడిలో నిలబడి కంట్రోల్–డి కొట్టండి, అంతే, దిగిపోతుంది. వరసగా ఆకివీడు వ్యాన్లే వస్తే ఇది చాలు. కానీ వ్యాన్లు మన సౌకర్యం చూసుకుని రావు కదా, ఒకటి ఆకివీడు, ఒకటి కాళ్ళ, మళ్ళీ ఆకివీడు. అప్పుడు ఆల్ట్ నొక్కిపట్టి కింది బాణం కొట్టండి. ఆ నిలువు వరసలో ఇప్పటిదాకా మీరు కొట్టిన ఊళ్ళన్నీ చిన్న జాబితాగా పడతాయి, బాణాలతో దిగి ఎంటర్ కొడితే సరి. రెండు షరతులున్నాయి. మాటలకే పనిచేస్తుంది, అంకెలకి కాదు. మధ్యలో ఖాళీ గడి వదిలారా, దాని పైనున్నవి చూపించదు. మా దగ్గర ఇదివరకు పనిచేసినాయన వ్యాను వ్యానుకీ మధ్య "చూడ్డానికి బాగుంటుంది" అని ఒక ఖాళీ వరస వదిలేవాడు, చూడ్డానికి బాగానే ఉండేది, జాబితా మాత్రం ఒక్కనాడూ పనిచేయలేదు.

తేదీకి కంట్రోల్–సెమికోలన్. టైము కూడా కావాలంటే అందులోనే షిఫ్ట్ కలపండి. ఇక్కడ ఆగక్కర్లేదు.

ఇప్పుడు అసలు వంటకం, ఆటోకరెక్ట్. తప్పులు దిద్దడానికి పెట్టిన సౌకర్యాన్ని మనం పొట్టిపేర్ల డబ్బాగా వాడుకుంటాం. ఎక్సెల్‌లోగానీ వర్డ్‌లోగానీ ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, అందులో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ అని వరసగా వెళ్ళండి. రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఎడమ పెట్టెలో పొట్టిపేరు, కుడి పెట్టెలో పూర్తి మాట, యాడ్, ఓకే. ఇక పొట్టిపేరు కొట్టి స్పేస్ నొక్కగానే పూర్తి మాట పడిపోతుంది. కుడి పెట్టెలో తెలుగు కూడా పెట్టుకోవచ్చు, అదీ దీని గొప్ప. ఇంగ్లీషు కీబోర్డులోనే ఉండి కొడుతున్నా తెలుగు మాట వచ్చి కూర్చుంటుంది, భాష మార్చడానికి మాటిమాటికీ విండోస్ బటన్, స్పేస్ కలిపి కొట్టే పని కూడా పోయింది. ఒక జాగ్రత్త: ఆ తెలుగు యూనికోడ్‌లో ఉండాలి, అంటే ఫోన్లో, వెబ్‌సైట్లలో కనిపించే మామూలు తెలుగు. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో కొట్టించిన మాటని తెచ్చి పెట్టెలో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు తప్ప అక్షరాలు రావు.

పొట్టిపేరు పెట్టడంలోనే ఉంది కిటుకు. మొదట్లో నేను రొయ్యలు అనే మాటకి ఆర్, ఎస్ అని రెండే అక్షరాలు పెట్టుకున్నాను, తెలివనుకుని. ఆ సాయంత్రం వర్డ్‌లో వోచర్లు కొడుతూ రూపాయలకి కూడా అలవాటు కొద్దీ అవే రెండక్షరాలు కొట్టాను, తలెత్తి స్క్రీన్ చూస్తే కదా! ప్రింటు తీసి సంతకానికి పంపితే, కాగితం మీద "రొయ్యలు 45,000 ముట్టినవి" అని ఉంది. రైతు గారు సంతకం పెట్టకుండా కాగితం నా ముందు పెట్టి, "ఇచ్చింది నేను కదండీ, ముట్టింది మీకు కదా?" అన్నారు. ఆ నెలంతా కాటా దగ్గర నన్ను జీతం రొయ్యల్లో తీసుకుంటావా అని అడిగారు.

కాబట్టి పొట్టిపేరు ముందు క్యూ అక్షరం తగిలించండి. ఇంగ్లీషు మాటల్లో క్యూ తర్వాత దాదాపు ఎప్పుడూ యు వస్తుంది, మనం వేరే అక్షరం పెడితే ఏ మాటతోనూ తగువు ఉండదు. నాకు క్యూ–ఏ–కే అంటే ఆకివీడు, క్యూ–వి–వి అంటే వీరవాసరం. ఎప్పుడైనా అనుకోకుండా మారిపోతే వెంటనే కంట్రోల్–జెడ్ ఒక్కసారి కొట్టండి, వర్డ్‌లో అయితే కొట్టిన వాక్యం చెక్కుచెదరకుండా ఆ మార్పు ఒక్కటే వెనక్కి పోతుంది. రోజుకి ఐదు పొట్టిపేర్లకి మించి చేర్చొద్దు. ఇరవై ఒకేసారి పెట్టుకుంటే ఏది దేనికో గుర్తురాక మళ్ళీ పూర్తి మాటే కొడతారు, నేను కొట్టాను.

ఇక కాపీ, పేస్ట్. ఈ రెండూ తెలియనివాళ్ళు లేరు. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ల్యారీ టెస్లర్ అనే ఆయన తన సహచరుడితో కలిసి కట్–కాపీ–పేస్ట్‌కి రూపం ఇచ్చాడు, 2020లో చనిపోయాడు. ఆయన పుణ్యాన బతుకుతున్నాం గానీ దీంట్లో ఒక గొయ్యి ఉంది: కాపీ పడిందో లేదో మనకి తెలియదు. మా కీబోర్డులో సి బటన్ కింద దుమ్ము చేరి ఒక్కోసారి దిగేది కాదు. ఒకరోజు చెల్లింపుల షీటులో ఒక రైతు ఖాతా నంబరు కాపీ చేశాననుకుని పేస్ట్ చేశాను, పడింది అంతకుముందు కాపీ చేసిన వేరే రైతు నంబరు. పైగా ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఊళ్ళే వేరు. డబ్బు వెళ్ళేలోపు మా ఓనరు గారు నంబర్లు పైకి చదివించే అలవాటున్న మనిషి కాబట్టి బతికిపోయాను, ఆ గంట నా టెన్షన్ మాత్రం చెప్పలేను.

దీనికి మందు విండోస్ బటన్–వి. కంట్రోల్–వి కాదు, విండోస్ బొమ్మ ఉన్న బటన్ నొక్కి వి. మొదటిసారి కొడితే ఆన్ చేయమని అడుగుతుంది, చేయండి. ఇక మీరు కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి, కళ్ళతో చూసి ఎంచుకుని ఎంటర్ కొట్టడమే. చీకట్లో చెయ్యి పెట్టి సంచిలోంచి తీయడానికీ, సంచి బల్ల మీద ఒంపి ఏరుకోవడానికీ ఉన్న తేడా. ఇది విండోస్ 10లో 2018 అక్టోబరు అప్‌డేట్‌తో వచ్చింది, అంతకన్నా పాత సిస్టమ్ మీద డిట్టో అని ఉచితంగా దొరికే చిన్న యుటిలిటీ ఇదే పని చేస్తుంది.

రెండు విషయాలు మర్చిపోవద్దు. కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోతే ఈ జాబితా మొత్తం ఖాళీ. మన దగ్గర వానాకాలం సంగతి తెలిసిందే, యూపీఎస్ బ్యాటరీ సంగతి ఇంకా తెలిసిందే. రోజూ కావాల్సిన వాటి పక్కన మూడు చుక్కలు నొక్కి పిన్ చేసుకోండి, అవి మాత్రం నిలుస్తాయి. రెండోది, పాస్‌వర్డ్ కాపీ చేస్తే అదీ ఈ జాబితాలో చేరుతుంది. పదిమంది కూర్చునే సిస్టమ్ అయితే లేచేముందు క్లియర్ ఆల్ నొక్కి లేవండి.

ఖాతా నంబర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిజాయితీగా ఉంచుతుంది. 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె నోరెత్తకుండా సున్నా అయిపోతుంది, ముందు సున్నా ఉంటే అదీ మింగేస్తుంది. నంబరుకి ముందు ఒంటి కొటేషన్ గుర్తు కొట్టి తర్వాత అంకెలు కొట్టండి, అప్పుడు దాన్ని మాటలాగే ఉంచుతుంది. కొట్టేశాక పెడితే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు.

ఈ వారం ఇంటిపని. ఊళ్ళకో మందుల పేర్లకో, మీ సున్నాల్లో మొదటి ఐదింటికి పొట్టిపేర్లు పెట్టండి. రెండోది సరదాకి: నోట్‌ప్యాడ్ తెరిచి మొదటి వరసలో చుక్క పెట్టి, ఖాళీ వదలకుండా ఎల్, ఓ, జి అని మూడు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు కొట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేయండి. మూసి మళ్ళీ తెరవండి. చివర్లో ఆ క్షణం తేదీ, టైము దానంతటదే పడి ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ కొత్తది. రాత్రిపూట వ్యాన్ డ్రైవర్లు చేసే ఫోన్లు నేను అందులోనే రాస్తాను. "రాత్రే చెప్పానండీ" అన్నవాళ్ళకి ఎన్ని గంటలకి చెప్పారో చూపిస్తే చాలు.

వచ్చే పాఠం మౌసు గీతల గురించి. తూకం చీటీల ఫోటోలు రెండొందలుంటే వాటికి పేర్లు మార్చడానికి నేను ఒక పూట పాడుచేసుకునేవాణ్ణి, అది పది నిమిషాలకి ఎలా దిగిందో చూద్దాం. కాగితం పారేయకండి, గీతల లెక్క అప్పుడు కావాలి.