కర్ణాటకలోని సకలేశపుర తోటలకు లోడు ఎక్కించే ముందు

జూన్ వానలకు ముందే బెంగళూరు నుంచి లారీలో ఎరువుల లోడు కాఫీ తోటలకు వేస్తున్నారా? హైవే దాకా ఫర్వాలేదు. తోటలోని మట్టి ఏటవాలులోనే టెన్షన్.

• దిగుడులో న్యూట్రల్ వద్దు. డీజిల్ మిగులుతుందని కొందరు చేసే పని ఇదే. ఇంజిన్ పట్టు పోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి కాగిపోతే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. దిగుడు మొదలవక ముందే, పైనే చిన్న గేరు వేసుకోండి. సగం దిగాక లోడుతో గేరు పడకపోతే అంతే సంగతులు.

• ఎక్కుతూ ఆగిపోతే బండి తిప్పకండి, అడ్డం తిరిగితే బోల్తానే. రివర్స్ గేరులో తిన్నగా వెనక్కి రండి. క్లచ్ తొక్కి జారనివ్వడం ఇంకా ప్రమాదం.

• బస్తాలు కదలకుండా బిగించి కట్టండి. వెనక్కి జారితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు.

• బ్రేకుల గాలి ఒత్తిడి చూపే ఎయిర్ గేజ్ నిండాకే దిగుడు మొదలుపెట్టండి.

• వాన పడి ఉంటే ముందు దారంతా నడిచి చూడండి. బూట్లే జారుతుంటే టైర్లూ జారతాయి. లోడు రోడ్డు పక్కనే దింపి ట్రాక్టర్ పిలిపించండి, తోట యజమాని గొణిగినా సరే.

• చక్రానికి చెక్క పెట్టాలన్నా క్లీనర్ పక్కనుంచే పెట్టాలి, బండి వెనక నిలబడి కాదు.