చెక్క వస్తువులకు ఫొటో: మూడో పాఠం – వెలుగు ఎటు నుంచి రావాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుంది కదా. సంగటి తెడ్డో, కూర్చునే పీటో, ఉప్పుపెట్టో, చేత్తో చేసిన చెక్క వస్తువు ఏదైనా ఒకచోట పెట్టి, చుట్టూ తిరుగుతూ ఎనిమిది వైపుల నుంచి ఎనిమిది ఫొటోలు తీయమన్నాం. ఇప్పుడు వాటిని వరసగా తెరిచి చూడండి. వస్తువు అదే, ఫోను అదే, తీసిన వేళ కూడా అదే. అయినా రెండు మూడింటిలోనే చెక్క చారలు, ఉలి జాడలు తేటగా కనబడతాయి. మిగతావి గోధుమరంగు ముద్దలు. ఆ రెండు మూడు ఫొటోలు తీసినప్పుడు వెలుగు మీకు ఏ పక్కనుందో గుర్తు తెచ్చుకోండి. దాదాపు ఎప్పుడూ కుడివైపో ఎడమవైపో ఉంటుంది, వీపు వెనక ఉండదు.

కారణం సులువైనదే. ఉలి దెబ్బ లోతు చాలాసార్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ లోతు కంటికి తెలియాలంటే ఒక అంచు వెలుగులో, ఇంకో అంచు నీడలో ఉండాలి. వెలుగు కెమెరా ఉన్నవైపు నుంచే సూటిగా పడితే రెండు అంచులూ ఒకేలా వెలిగిపోతాయి, లోతు మాయమవుతుంది. ఫోను ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి అది చేసేదీ ఇదే. క్యాలెండరు పోటీకి, అంటే కొత్త సంవత్సరం క్యాలెండరు పేజీల కోసం ఫొటోలు అడిగే పోటీకి, పంపే ఏ ఫొటోకూ ఫ్లాష్ వాడొద్దు. దీనికి మినహాయింపు లేదు.

బల్లపరుపుగా ఉన్న చెక్క మీద చెక్కుడు పని చూపాలంటే వెలుగు ఉపరితలాన్ని ఒరుసుకుంటూ, 15 నుంచి 30 డిగ్రీల వాలులో రావాలి. నున్నగా చిత్రిక పట్టి, చారల అందం మాత్రమే చూపదలుచుకుంటే 45 డిగ్రీలు చాలు. వెలుగు ఏ దిక్కున వస్తుందన్నది కూడా ముఖ్యమే. చిత్రిక గీతలు, బాడిశ దెబ్బలు సాధారణంగా చెక్క పొడవునా సాగుతాయి. వెలుగూ పొడవునా వస్తే అవి కనబడవు, అడ్డంగా వస్తేనే పైకి తేలతాయి. పీటను కిటికీకి సమాంతరంగా పెట్టి ఒక ఫొటో, పావు చుట్టు తిప్పి ఇంకో ఫొటో తీస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఒరుసుకుంటూ వచ్చే వెలుగు పనితనంతోపాటు లోపాలనూ బయటపెడుతుంది. గరుకు కాగితం అడ్డంగా రుద్దిన గీతలు, చెక్క మీద ఎండిన ఫెవికాల్ చుక్కలు, బొటనవేలి ముద్రలు అన్నీ కనిపిస్తాయి. వాటిని దాచడానికి వెలుగు మార్చకండి. వస్తువునే సరిచేయండి. 220 నంబరు కాగితంతో చారల వెంట రుద్ది, పెయింటు వేసే రెండంగుళాల మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డతో తుడవకండి. పాలిష్ లేని చెక్క నీరు పీల్చి నూగులా లేస్తుంది, ఆ గరుకు కూడా ఫొటోలో పడుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాయడం చాలామందికి అలవాటు. అది చేవ (మాను నడిమి గట్టి ముదురు చెక్క) మీద ఒకలా, తెల్లచెక్క (దాని చుట్టూ ఉండే లేత చెక్క) మీద ఒకలా ఇంకి మచ్చలు కడుతుంది. ఫొటో కోసం అసలు వద్దు.

తరిమెన పట్టిన కాళ్ళు, రోకలి, బొంగరం లాంటి గుండ్రటి వాటికి లెక్క వేరు. వెలుగు పూర్తిగా పక్క నుంచి కాకుండా కొంచెం వెనక నుంచి, వస్తువు భుజం మీదుగా వచ్చినట్టు ఉండాలి. అప్పుడు ఒక అంచు పొడవునా సన్నటి మెరుపు గీత పడి గుండ్రదనం తెలుస్తుంది. సూటిగా ముందు నుంచి వెలుగు పడితే రోకలి కూడా బద్దలా కనిపిస్తుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి

స్టూడియో లైట్లు కొనక్కర్లేదు. కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతంలో ఆకాశం నుంచి వచ్చే వెలుగుకు కరువు లేదు. మన కష్టమంతా దాని తీవ్రతను తగ్గించడంతోనే.

అన్నిటికన్నా మంచి చోటు ఉత్తరం వైపు వసారా, లేదా ఉత్తరం కిటికీ. కడప దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఉత్తరం కిటికీలోకి నేరుగా ఎండ రాదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా మెత్తటి వెలుగే ఉంటుంది. కొత్త సంవత్సరం క్యాలెండరు కోసం అక్టోబరు, నవంబరుల్లో ఫొటోలు తీసేవాళ్ళకు ఇది కలిసొచ్చే విషయం. మే, జూన్, జులై నెలల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. సూర్యుడు ఈశాన్యం వైపు పొడిచి వాయవ్యం వైపు కుంకుతాడు, కాబట్టి పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోకీ ఎండ చారలు పడతాయి. ఆ నెలల్లో తీయాల్సివస్తే కిటికీకి పలుచటి తెల్ల పంచె ఒక మడతే కట్టండి. రెండు మడతలు వేస్తే వెలుగు సగానికి పైగా పోతుంది.

అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టిన రోజులు కొన్ని వస్తాయి. అలాంటి రోజు దొరికితే వదలకండి. ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా ఉంటుంది కాబట్టి ఉయ్యాల బల్ల, పూజామందిరం లాంటి పెద్ద వస్తువులను ఆరుబయటే తీయొచ్చు. అయితే పైనుంచి వచ్చే వెలుగుకు ఒక పక్క కాస్త అడ్డు కావాలి. వస్తువును గోడకు మూడు నాలుగడుగుల దూరంలో పెడితే గోడవైపు కొంచెం నీడ చేరి ఆకారం నిలుస్తుంది.

పాత మిద్దె ఇళ్ళలో గవాచి (వెలుగు కోసం పైకప్పులో వదిలిన కంత) కింద పెట్టి తీయాలని చాలామందికి అనిపిస్తుంది. అక్కడ వెలుగు అందంగా ఉంటుంది, నిజమే. కానీ సరిగ్గా గవాచి కింద పెడితే పీట పైచెక్క తెల్లగా మెరిసి, కాళ్ళు చీకట్లో కలిసిపోతాయి. రెండు మూడడుగులు పక్కకు జరపండి, వెలుగు ఏటవాలుగా పడుతుంది.

వేపచెట్టు నీడలో మాత్రం తీయకండి. ఆకుల్లోంచి ఎండ చుక్కలు పడతాయి, పైగా ఆకుల పచ్చదనం చెక్క మీదికి చేరుతుంది. గులాబీరంగు, చిలకపచ్చ రంగు వేసిన గదుల్లోనూ ఇదే ఇబ్బంది. సున్నం కొట్టిన తెల్లగోడలున్న గది దొరికితే ఫొటోకు సగం శ్రమ తగ్గినట్టే.

కిటికీకి ఎంత దూరం? ఈ ప్రశ్నకు జవాబు వస్తువు వెడల్పును బట్టి ఉంటుంది. రెండడుగుల పెట్టెను కిటికీకి అడుగు దూరంలో పెట్టారనుకోండి. దగ్గరి అంచుకు వెలుగు అడుగు దూరం, అవతలి అంచుకు మూడడుగుల దూరం నడవాలి. ఒక పక్క తెల్లబోయి, ఇంకో పక్క నల్లబడుతుంది. అదే పెట్టెను నాలుగడుగుల దూరంలో పెడితే దూరాలు నాలుగు, ఆరు అవుతాయి. తేడా బాగా తగ్గుతుంది. అలాగని పదడుగులు వెనక్కి పోతే వెలుగు బలహీనపడుతుంది, నీడల అంచులు గట్టిపడతాయి. మూడు నాలుగడుగుల వెడల్పున్న కిటికీకి మూడు నుంచి ఐదడుగుల దూరం సాధారణంగా సరిపోతుంది. గరిటెలు, కవ్వం లాంటి చిన్నవి ఇంకా దగ్గరగా పెట్టొచ్చు.

నీడ పక్కన వెలుగు నింపడానికి థర్మోకోల్ షీటు ఒకటి చాలు. వస్తువుకు అవతల అడుగు దూరంలో నిలబెట్టి, నీడలో చారలు కనబడేదాకా మెల్లగా దగ్గరికి జరపండి. రెండు పక్కలూ సమానంగా వెలిగాయంటే మరీ దగ్గరికి తెచ్చినట్టు. ఇందాక కష్టపడి తెచ్చుకున్న నీడ పోతుంది, వెనక్కి తీయండి. లేతరంగు వేపచెక్క మరీ చప్పగా కనిపిస్తే థర్మోకోల్ బదులు నల్ల చార్టు పెట్టి చూడండి. అది వెలుగును మింగి ఆ అంచుకు గీత గీసినట్టు చేస్తుంది.

పాలిష్ మీద తెల్ల మచ్చ

లక్కపాలిష్, మెలమైన్, వార్నిష్ పూసిన వస్తువు అద్దంలా ప్రవర్తిస్తుంది. పైచెక్క మీద కనిపించే తెల్ల మచ్చ కిటికీ ప్రతిబింబమే. గోడకు కొట్టిన బంతి ఎంత వాలుగా పోతే అంతే వాలుగా తిరిగొచ్చినట్టు, వెలుగు కూడా వచ్చిన కోణంలోనే వెనక్కి పోతుంది. ఆ దారిలో మీ లెన్సు ఉంటేనే మచ్చ కనిపిస్తుంది. కాబట్టి ముందు కెమెరాను అరడుగు పైకో కిందికో జరపండి. పోకపోతే వస్తువును పది డిగ్రీలు తిప్పండి. ఎక్కువసార్లు ఇంతటితో సరిపోతుంది. ఎక్స్‌పోజరు (ఫొటోలోకి తీసుకునే వెలుగు మోతాదు) తగ్గిస్తే మచ్చ పోతుందనుకోవడం పొరపాటు. మచ్చ తెల్లగానే ఉండి చుట్టూ చెక్క నల్లబడుతుంది.

కెమెరా ఉన్నవాళ్ళు పోలరైజర్ ఫిల్టరు (లెన్సు ముందు బిగించి తిప్పితే ప్రతిబింబాల మెరుపును తగ్గించే అద్దం) వాడొచ్చు. చెక్క మీద అది బాగా పనిచేసేది, లెన్సు ఉపరితలానికి సుమారు 35 డిగ్రీల ఎత్తు నుంచి చూసినప్పుడు. నిట్టనిలువుగా పైనుంచి తీస్తే దాదాపు ఏ ప్రయోజనమూ ఉండదు. ఫిల్టరును చివరిదాకా తిప్పి మెరుపంతా తుడిచేయకండి, పాలిష్ చేసిన టేకు ఎండిన అట్టలా కనిపిస్తుంది. కాస్త మెరుపు ఉండాలి. అది తెల్ల మచ్చగా కాక, పక్కకు జారిన లేత పట్టీలా ఉంటే చాలు.

రంగు, ఎక్స్‌పోజరు

మొదటి పని గదిలోని ట్యూబులైట్లు, బల్బులు అన్నీ ఆర్పేయడం. కిటికీ వెలుగూ బల్బు వెలుగూ కలిస్తే ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు చేరుతుంది. తర్వాత ఏ యాప్‌తోనూ దాన్ని పూర్తిగా సరిచేయలేం. ఆటో వైట్ బ్యాలెన్సును, అంటే ఫోను తనంతట తానే రంగులు సరిచేసుకునే పద్ధతిని, కూడా నమ్మకండి. ఫ్రేము నిండా గోధుమరంగే ఉంటే ఫోను దాన్ని తప్పుగా భావించి చల్లబరుస్తుంది, టేకు బూడిదరంగుకు తిరుగుతుంది. ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) వైట్ బ్యాలెన్సుకు క్లౌడీ లేదా షేడ్ ఎంచుకుని, వస్తువు పక్కన తెల్లకాగితం పెట్టి ఒక ఫొటో తీయండి. కాగితం తెల్లగా ఉంటే చెక్క రంగు కూడా సరిగ్గా ఉన్నట్టే. తర్వాత కాగితం తీసేసి అసలు ఫొటో తీయండి.

ఎర్రచందనం బొమ్మలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫోన్లు ఎరుపును ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తాయి, అందులో చారలు మునిగిపోతాయి. ఎక్స్‌పోజరు స్కేలు మీద 0.3 నుంచి 0.7 దాకా తగ్గించండి, రంగులను గాఢం చేసే వివిడ్ మోడ్ ఆపేయండి. ఆ చెక్క రవాణా, అమ్మకాల మీద ఆంక్షలున్నాయి కాబట్టి కొన్న రసీదులు దగ్గర పెట్టుకోవడం కూడా మంచిది.

అడుగున వేయడానికి పాలిష్ చేయని కడప బండకు మించింది లేదు. మన దగ్గర సులువుగా దొరుకుతుంది, నల్లగా ఉంటుంది, మెరవదు. టేకు, మామిడి, వేపచెక్క దానిమీద బాగా తేలతాయి. జిట్రేగి, నల్లతుమ్మ చేవ మాత్రం దాంట్లో కలిసిపోతాయి. వాటికి లేతరంగు బేతంచెర్ల బండో, తెల్ల చార్టో వేయండి. నల్ల బండ మీద ప్రతి దుమ్ము రేణువూ నక్షత్రంలా కనిపిస్తుంది కాబట్టి ప్రతి ఫొటోకు ముందు బ్రష్షు ఆడించాల్సిందే. ఫ్రేములో నలుపు ఎక్కువైతే కెమెరా చీకటనుకుని వెలుగు పెంచుతుంది, 0.7 నుంచి 1 దాకా తగ్గించండి. తెల్ల చార్టు మీద దీనికి తిరగేసి, అంతే పెంచండి. ఫోనులో వస్తువు మీద వేలు నొక్కిపట్టి ఫోకసు, ఎక్స్‌పోజరు లాక్ చేశాక, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును జరిపితే ఇది జరుగుతుంది.

క్యాలెండరు అచ్చువేసే ఆఫ్‌సెట్ ముద్రణలో ముదురు గోధుమరంగులు తెరమీద కన్నా నల్లగా వస్తాయి. ఫోను తెర వెలుతురు సగానికి తగ్గించి చూడండి. నీడలో చారలు అప్పుడు కూడా కనిపిస్తేనే కాగితం మీద కనిపిస్తాయి.

మిగతా సెట్టింగులు క్లుప్తంగా: కెమెరాకు ఎఫ్ (లెన్సు రంధ్రం సైజు) 8 నుంచి 11, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమరు. వసారాలో షట్టరు పదో వంతు సెకనుకు అటూఇటూ వస్తుంది, చేత్తో పట్టుకుంటే కదులుతుంది. ఫోనుకు కూడా ట్రైపాడ్, టైమరు తప్పవు. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. అది కవ్వం పళ్ళనూ గరిటె కాడనూ నేపథ్యమనుకుని మసకబరుస్తుంది.

ఈ పాఠం అభ్యాసం

ఒకే వస్తువు, ఒకే చోటు, ఉత్తరం కిటికీ. మొదటి ఫొటో ఏ అడ్డూ లేకుండా. రెండోది అవతల థర్మోకోల్ పెట్టి. మూడోది థర్మోకోల్ బదులు నల్ల చార్టు పెట్టి. మూడింటికీ కెమెరా కదలకూడదు, వైట్ బ్యాలెన్సు మారకూడదు. ఫొటోను పూర్తి సైజులో తెరిచి, నీడవైపున్న కుసి (అతుకు కోసం సన్నగా చెక్కిన చెక్క కొస) బెజ్జంలోకి దిగే చోటు చూడండి. అక్కడి సన్నటి సందు గీత మూడింటిలో దేంట్లో స్పష్టంగా ఉందో రాసుకోండి. వస్తువు చుట్టూ నాలుగు పక్కలా కనీసం పదో వంతు ఖాళీ వదలండి. ఫొటోలను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపి దాచుకోండి. నాలుగో పాఠంలో ఈ మూడింటిలో ఒకదాన్నే 12×18 అంగుళాల క్యాలెండరు పేజీకి సరిపోయేలా కత్తిరిస్తాం, దానికి అసలు సైజు ఫైలే కావాలి.