కల్లం కాడ వడదెబ్బ తగలకుండా

యాసంగి వడ్లు చేతికొచ్చేసరికి ఎండలు ముదురుతాయి. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. కొనుగోలు సెంటర్‌లో తేమ 17 శాతానికి దిగితేనే కాంటా. అందుకని వడ్లతో పాటు మనమూ ఎండుతూ కూర్చుంటాం. అసలు అట్లా కూర్చోవాల్సిన పని లేదు. వడ్లను పలచగా పరిచి, పొద్దున ఎనిమిదికోసారి, పదికోసారి కాళ్లతో తిరగేసి, పన్నెండుకు ముందే కుప్ప చేసి కప్పి వదిలెయ్యండి. మళ్లీ నాలుగింటికి చూసుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో గింజ దబ్బున ఎండితే లోపల పగులుతుంది, మిల్లులో నూక ఎక్కువ పడుతుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా మీరు అక్కడుంటే వడ్లకు వచ్చే లాభమేమీ లేదు.

కాపలా తప్పనిసరైతే వేపచెట్టు కిందే కూర్చోండి. చెట్టు లేకపోతే పట్టాను నాలుగు కట్టెలకు ఎత్తుగా కట్టి, పక్కలు వదిలెయ్యాలి. కిందికి దించి కడితే అది నీడ కాదు, పొయ్యి. ట్రాక్టర్ ట్రాలీ కింద మాత్రం పడుకోవద్దు. నిద్రపోతున్న మనిషి ఉన్నాడని డ్రైవర్‌కు ఎట్లా తెలుస్తుంది?

నీళ్లు దూపయ్యాక తాగుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యం. ఎండలో పని చేస్తున్నంతసేపు ఇరవై నిమిషాలకో గ్లాసు తాగాలి. నేను రెండు లీటర్ల సీసాకు పాత గోనెసంచి ముక్క చుట్టి దబ్బనంతో కుట్టాను. దాన్ని తడిపి కొమ్మకు వేలాడదీస్తే వడగాలికే నీళ్లు చల్లబడతాయి. గోనె ఆరినప్పుడల్లా మళ్లీ తడపాలి, అంతే. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉట్టి నీళ్లే కాకుండా మధ్యమధ్యలో ఉప్పేసిన సల్ల, తైదంబలి, నిమ్మకాయ నీళ్లు తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, ఆ రోజుకే వాడాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే తాగాలి. ముంజలు ఎన్నైనా తినండి. చల్లగా ఉందని కల్లుకు మాత్రం పోవద్దు, అది ఒంట్లో నీళ్లను ఇంకా లాగేస్తుంది.

ఇవన్నీ నాకు పోయినేడు మా చిన్నాయన పడిపోయాకే ఒంటబట్టాయి. మధ్యాహ్నం మూడు గంటలు. "చిన్నాయనా, ఇంటికి పోరాదూ" అంటే "నాకేం కాదురా, నీ పని చూసుకో" అన్నాడు. కాసేపటికి "ఎడ్లకు కుడితి పెట్టినవా?" అని అడిగాడు. మా ఎడ్లను అమ్మి పదేళ్లవుతోంది. నేను నవ్వాను. అది నా మొదటి తప్పు. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంటే పొయ్యి మీది పెనంలాగా కాలుతోంది. అక్కడే కూలబడ్డాడు. కంగారులో నోట్లో నీళ్లు పోశాను, పొలమారింది. అది రెండో తప్పు. ఒకాయన అరికాళ్లకు రుద్దడానికి ఉల్లిగడ్డ కోసం ఊర్లోకి ఉరికాడు.

బుద్ధిగా పని చేసింది ఒక పెద్ద హమాలీ. మనిషిని చెట్టు కిందికి లాగించి, అంగీ విప్పించి, డ్రమ్ములో నీళ్లు బకెట్లతో ఒళ్లంతా పోయించాడు. తడిపిన తువ్వాలలు మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టి, వడ్లు చెరిగే చేటతో ఆపకుండా విసిరాడు. 108 వచ్చేదాకా ఆ చేట ఆగలేదు.

కాబట్టి మనిషి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, సోయి తప్పినా వడదెబ్బ కిందే లెక్క. చెమట పడుతోంది కదా అని ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించి, ఆలోపే ఒళ్లు చల్లబరచాలి. సోయి సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. జ్వరం గోళీ దీనికి పని చేయదు. కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, ఒళ్లంతా చెమటలు ఉండి, మాట మాత్రం సరిగా ఉంటే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించండి. అరగంటలో తేరుకోకపోతే దవాఖానాకు తీసుకుపోవాలి.

ఇక ఇల్లు. మా రేకుల ఇల్లు రోహిణి కార్తెలో రాత్రి పదికి కూడా సెగ కక్కుతుంది. రేకుల మీద తెల్ల సున్నం కొట్టించాక కొంచెం నయం. కూలర్‌ను కిటికీ దగ్గర బయటి గాలి గుంజేలా పెట్టి, ఎదురుగా తలుపు ఓరగా తీసి ఉంచాలి. అన్నీ మూస్తే గది ఆవిరి పట్టి ఉక్కపోత పెరుగుతుంది. నలభై డిగ్రీలు దాటిన గాలిని ఫ్యాన్ మన మీదికి తోస్తే చల్లదనం రాదు, వేడే వస్తుంది. అందుకే మా ఇంట్లో ముసలమ్మ మధ్యాహ్నం పూట తడి పంచె కప్పుకునే ఫ్యాన్ కింద పడుకుంటుంది. పంచె ఆరిందా లేదా అని గంటకోసారి చూడటం పిల్లల పని.