గ్లైకోజెన్ కనబడాలంటే ముందు ముక్కను చూసుకోండి

లివర్ ముక్కలోని గ్లైకోజెన్‌ను (కణాల్లో నిల్వ ఉండే చక్కెర) గులాబీ రంగులో చూపే పీఏఎస్ పరీక్ష స్లయిడ్‌లో రంగు పాలిపోతే మా జూనియర్లు ముందుగా ఆ రంగునిచ్చే షిఫ్ రీఏజెంట్‌ను అనుమానిస్తారు. నేను మాత్రం ముక్క ఎప్పుడు తీశారు, ఫార్మలిన్‌లో ఎప్పుడు పడింది అని అడుగుతాను. రక్తం అందడం ఆగిన క్షణం నుంచే లివర్ కణాల్లోని ఎంజైములు గ్లైకోజెన్‌ను విడగొట్టేస్తుంటాయి. మే నెల వేడికి ఇంకా తొందరగా. అలా పోయింది ఏ రంగు వేసినా తిరిగి రాదు.

పొట్ట ఉబ్బి, షుగర్ తరచూ పడిపోయి, గ్లైకోజెన్ పేరుకునే జబ్బని అనుమానమున్న పసిపిల్లల బయాప్సీ ఉందంటే నేను ముందురోజే వార్డుకు ఫోన్ చేస్తాను. ఆ బిడ్డను మళ్లీ సూదితో పొడవాల్సిన పరిస్థితి రాకూడదు. తీసిన ముక్కను సెలైన్‌లో ఉంచకుండా నేరుగా ఫిక్సేటివ్‌లో (ముక్క పాడవకుండా ఆపే ఫార్మలిన్ లాంటి మందు) వెయ్యమని చెబుతాను. ఆపరేషన్‌లో తీసిన పెద్ద ముక్కలైతే 2–3 మిల్లీమీటర్ల మందాన కొయ్యాలి, లేకపోతే మందు లోపలికి చేరేలోపే మధ్యభాగం పాడవుతుంది.

మామూలుగా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ సరిపోతుంది. అది గ్లైకోజెన్‌ను నేరుగా పట్టుకోదు. చుట్టూ ఉన్న ప్రోటీన్ వలలా గట్టిపడి దాన్ని ఆపుతుంది, కొంత జారిపోతుంది కూడా. గ్లైకోజెనే అసలు ప్రశ్న అయితే నేను జెండ్రే ద్రావణం వాడతాను: పిక్రిక్ ఆసిడ్ నిండుగా కరిగించిన 95 శాతం ఆల్కహాల్ 80 మి.లీ., ఫార్మలిన్ 15, గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ 5. దాన్ని 4 డిగ్రీల దగ్గర ఉంచండి. బయట వేడిలో ఉంటే గ్లైకోజెన్ కణంలో ఒక పక్కకు తోసుకుపోతుంది. తర్వాత నీళ్లలో కడగొద్దు, ఆల్కహాల్‌లోనే కడగండి. పిక్రిక్ ఆసిడ్ సీసాను మాత్రం ఎప్పుడూ ఎండిపోనివ్వకండి, ఎండితే పేలే ప్రమాదం ఉంది.

గ్లుటరాల్డిహైడ్ అనే మరో ఫిక్సేటివ్‌లో వేసిన ముక్కకు మామూలు పీఏఎస్ పనికిరాదు. అది వదిలే ఆల్డిహైడ్లతో షిఫ్ కలిసి స్లయిడంతా గులాబీ అయిపోతుంది.

ఒకే బ్లాక్ (మైనంలో పొదిగిన ముక్క) నుంచి రెండు సెక్షన్లు (పలుచని పొరలు) తీసి, ఒకదానికి ముందుగా గ్లైకోజెన్‌ను కరిగించే ఎంజైమ్ డయాస్టేస్ పెట్టి, తర్వాత రెండింటికీ పీఏఎస్ వెయ్యండి. అందులో మాయమైన గులాబీయే గ్లైకోజెన్. కంట్రోల్ లివర్‌ను (పోల్చి చూసుకోవడానికి గ్లైకోజెన్ ఉందని తెలిసిన ముక్క) కూడా పేషెంట్ ముక్కను ఫిక్స్ చేసిన మందులోనే ఫిక్స్ చేసి ఉండాలి. కంట్రోల్‌లో గులాబీ పోయి, పేషెంట్ స్లయిడ్‌లో మిగిలిపోతే టెస్ట్ ఫెయిలైందని పక్కన పడెయ్యకండి. టైప్ 4 గ్లైకోజెన్ స్టోరేజ్ జబ్బులో (అసహజ గ్లైకోజెన్ పేరుకునే పుట్టుకతో వచ్చే జబ్బు) పేరుకునే పదార్థం డయాస్టేస్‌కు పూర్తిగా లొంగదు. రెండు స్లయిడ్లూ పాథాలజిస్ట్ చేతికే ఇవ్వండి.