ఇంటి పన్ను బిల్లు ఆలస్యంగా వస్తే: మార్చి రాకముందే చూసుకోవాల్సినవి

ఫిబ్రవరి దాటిందంటే మున్సిపాలిటీల్లో వసూళ్ల హడావుడి మొదలవుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, ఏ ఊళ్లో చూసినా ఇదే పరిస్థితి. మార్చి 31 లోపు కట్టాలని ఆటోలో మైకు తిరుగుతుంది, సెలవు రోజు కూడా కౌంటర్ తెరుస్తారు, పెద్ద బకాయిలున్న షాపులకు రెడ్ నోటీసులు అంటిస్తారు. చాలా ఇళ్లకు ఆ ఏడాది బిల్లు అందేది కూడా ఈ హడావుడిలోనే. ఎండాకాలం మొదట్లో రావాల్సిన కాగితం ఏడాది చివర్లో, అదీ వడ్డీతో కలిసి వస్తుంది. అప్పుడు కొందరు కోపంతో బిల్లు పక్కన పడేస్తారు. ఇంకొందరు నల్లా కనెక్షన్ కట్ చేస్తారేమోనన్న టెన్షన్‌తో అంకె కూడా చూడకుండా కట్టేస్తారు. నాకు ఎక్కువ బాధ ఈ రెండో రకం వాళ్లను చూస్తేనే. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, ఒంటరిగా ఉండే ఆడవాళ్లు.

ముందుగా తెలుసుకోవాల్సింది, బిల్లు రాలేదని వడ్డీ ఆగదు. మన తెలంగాణ మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను ఆరు నెలలకోసారి లెక్క. మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ 30, రెండోదానికి డిసెంబర్ 31 గడువు. అది దాటితే బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతం! నాలుగు వేల బకాయి ఏడాది పాటు ఉండిపోతే 960 రూపాయలు వడ్డీకే పోతాయి. బిల్ కలెక్టర్ మీ వీధికి వచ్చాడా లేదా అన్నది కంప్యూటర్‌కు తెలియదు. పైగా ఏప్రిల్ 30 లోపు మొత్తం ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఇస్తామని కొన్నేళ్లుగా ప్రకటిస్తున్నారు. బిల్లు కోసం కూర్చుంటే ఆ రాయితీ కూడా పోతుంది.

అందుకే ఏప్రిల్ మొదటి వారంలోనే మీ బకాయి మీరే చూసుకోండి. పాత రసీదు మీద పదంకెల పీటీఐఎన్, అంటే మీ ఇంటి పన్ను గుర్తింపు నంబర్ ఉంటుంది. దాన్ని వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. ఆ నంబర్‌తో పురపాలక శాఖ వెబ్‌సైట్‌లో మీ ఇంటి మీద ఎంత బకాయి ఉందో కనిపిస్తుంది. ఫోన్ వాడటం రాకపోతే మీసేవకో, మున్సిపల్ ఆఫీసు కౌంటర్‌కో ఆ నంబర్ తీసుకెళ్తే చాలు. పన్ను కట్టడానికి ఇంటికొచ్చే బిల్లు తప్పనిసరి కాదు.

ఇక ఆలస్యంగానైనా బిల్లు చేతికొచ్చింది, అంకె చూస్తే గుండె గుభేలుమంది అనుకోండి. వెంటనే డబ్బు తీయకండి. ఏ సంవత్సరానికి ఎంత పన్ను, ఎంత వడ్డీ అని విడివిడిగా లెక్క అడగండి. అది అడగడం మీ హక్కు. మొహమాటం అక్కర్లేదు. పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, అది తప్పు కాదు. కానీ నల్లా బిల్లు, ట్రేడ్ లైసెన్స్ ఫీజు వేరే లెక్కలు. నోటిమాటగా అన్నీ కలిపి ఒకే మొత్తం చెబితే ఒప్పుకోవద్దు. తర్వాత ఇంటి కొలతలు చూడండి. రేకుల షెడ్డును స్లాబ్‌గా రాశారా, మీరు ఉంటున్న ఇంటిని కమర్షియల్ కింద వేశారా, పక్కింటి పై అంతస్తు మీ లెక్కలోకి వచ్చిందా అన్నది గమనించండి. ఇలాంటి తప్పులు అరుదేమీ కాదు. అయితే మన వైపు నుంచి కూడా నిజాయితీ ఉండాలి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఇంటి వివరాలు మనమే ధ్రువీకరించి ఇవ్వాలి. తప్పుడు వివరాలిస్తే పన్నుకు 25 రెట్ల జరిమానా ఉంది. కట్టిన గది దాచిపెట్టి, పన్ను ఎక్కువేశారని గొడవ పడితే చివరకు మనకే దెబ్బ.

2018లో పంచాయతీ నుంచి మున్సిపాలిటీగా మారిన చిట్యాల, హాలియా, భూత్పూర్ లాంటి చోట్ల ఇంకో జాగ్రత్త కావాలి. పంచాయతీ కాలంలో కట్టిన రసీదులు పారేయొద్దు. కొత్త రికార్డులో పాత బకాయి కనిపిస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే. రసీదుల ఇంకు వెలిసిపోతుంది కాబట్టి జిరాక్స్ తీసి పెట్టుకోండి. మెషిన్‌లోంచి వచ్చే సన్న కాగితం రసీదులైతే మరీ త్వరగా తెల్లబడిపోతాయి.

తప్పు కనబడితే నోటితో చెప్పి వదిలేయకండి. "చూస్తాం లెండి" అన్న మాటకు రికార్డు ఉండదు. కమిషనర్ పేరిట తెల్లకాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది: "నా ఇంటి నంబర్ ఇది, పీటీఐఎన్ ఇది. ఫలానా సంవత్సరం బిల్లు నాకు ఫలానా తేదీన అందింది. అంతకుముందు బిల్లు గానీ నోటీసు గానీ అందలేదు. ఇందులో ఫలానా మొత్తం నేను ఇదివరకే కట్టాను, రసీదు నకలు జతచేశాను. సంవత్సరాల వారీగా లెక్క ఇప్పించి, బిల్లు సరిచేయగలరు." రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబర్ (ఆఫీసు రిజిస్టర్‌లో మీ దరఖాస్తుకు ఇచ్చే నంబర్) వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు దరఖాస్తు ఇచ్చినట్టే కాదు. బిల్లు అందిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాసుకోండి. నోటీసులో అభ్యంతరాలకు గడువు ఉంటే ఆ రోజులు దాటకుండా ఇవ్వండి.

దరఖాస్తు ఇచ్చాం కదా అని పన్ను మొత్తం ఆపేయమని మాత్రం నేను చెప్పను. వివాదం లేని సొమ్ము తీసుకుంటారేమో కౌంటర్‌లో అడిగి కట్టేయండి. మొత్తం కట్టక తప్పకపోతే, అభ్యంతరం పెండింగ్‌లో ఉండగా కడుతున్నానని ఇంకో కాగితం ఇచ్చి దాని మీదా ముద్ర వేయించుకోండి. రేపు లెక్క తేలాక, ఎక్కువ కట్టిన సొమ్మును వచ్చే ఏడాది పన్నులో సర్దమని అడగడానికి అది ఆధారమవుతుంది.

జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. ముద్ర వేయించిన నకలు చూపిస్తే అక్కడ మాట బలంగా ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ ఇంటికి పన్ను ఎలా నిర్ణయించారో చెప్పే అసెస్‌మెంట్ కాపీ, ఎంత కట్టాలో చూపే డిమాండ్ లెక్క, నోటీసు మీకు అందించినట్టు ఉన్న రుజువు అడగొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. బిల్లు నిజంగా ఇచ్చారా లేదా అన్నది తేలేది ఈ మూడో కాగితంతోనే. పల్లెల్లో ఇంటి పన్ను విషయం పంచాయతీ కార్యదర్శి చూస్తారు. అక్కడా రాతపూర్వకంగానే అడగండి. గ్రామ స్థాయిలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు లేదు.

వడ్డీ మాఫీ వస్తుందిలే అని కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. 2022లో బకాయిలు ఒకేసారి కట్టినవాళ్లకు వడ్డీలో 90 శాతం తగ్గించిన మాట నిజం. కానీ అది ప్రభుత్వం ఇష్టపడి ఇచ్చేది, ఎప్పుడు ఇస్తుందో చెప్పలేం. ఇస్తే వాడుకోండి, దాని కోసం అప్పు పెంచుకోకండి.

డబ్బు ఎవరికి ఇస్తున్నారో చూసుకోండి. బిల్ కలెక్టర్ తెలిసినవాడే అయినా, రసీదు రేపిస్తా అంటే డబ్బు కూడా రేపే ఇవ్వండి. రసీదు మీద మీ పీటీఐఎన్, సంవత్సరం సరిగా ఉన్నాయో లేదో అక్కడే చదవండి. వాట్సాప్‌లో "మీ ఇంటి పన్ను బకాయి, ఈ లింక్ నొక్కండి" అని వస్తే నొక్కొద్దు, యాప్ ఫైల్ పంపితే అసలే ఇన్‌స్టాల్ చేయొద్దు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు దొరకడం కష్టం.

చివరగా, పని కోసం ముంబై, పుణె, సూరత్ వెళ్లి ఇంటికి తాళం వేసిన కుటుంబాల గురించి. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు లేని ఊరు ఉండదు. వాళ్ల బిల్లు తలుపు కింద పడి ఉంటుంది, ఏళ్ల తర్వాత పండక్కి వచ్చి చూస్తే కొండంత బకాయి. మీ వాళ్లు అలా ఉంటే వాళ్ల పీటీఐఎన్ కనుక్కొని ఏప్రిల్‌లో ఓసారి చూసి చెప్పండి, అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కట్టేస్తారు. ఇల్లు తండ్రి పేరు మీదే ఉండిపోయి ఆయన చనిపోయి ఉంటే, పండక్కి వచ్చినప్పుడే మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలతో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టించండి. అప్పుడే కొత్త ఫోన్ నంబర్ కూడా రికార్డులో ఎక్కించుకోమనండి.