లాగ్‌ల బిల్లు ఎలా దించానంటే

మాది పదిమంది పనిచేసే చిన్న కంపెనీ. మా సర్వర్లలో ప్రోగ్రాములు ఏం చేశాయో లైన్ లైన్‌గా రాసుకునే రికార్డులే లాగ్‌లు. ఒక నెల క్లౌడ్ బిల్లు పట్టుకుని మా సార్, "సర్వర్లకంటే లాగ్‌లకే ఎక్కువ కడుతున్నామేంటమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. టెన్షన్ మొదలైంది.

లాగ్‌లను దాచి వెతికిపెట్టే టూల్ మారిస్తే సరిపోతుందనుకుని ముందు ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టాను. లాగ్‌లోని ప్రతి పదాన్నీ ఇండెక్స్ చేస్తుంది (ఏది ఎక్కడుందో పట్టిక రాసుకుంటుంది) కాబట్టి ఏది వెతికినా చటుక్కున దొరుకుతుంది. కానీ మా చిన్న మెషీన్‌లో ర్యామ్ అంతా అదే మింగేసింది. తర్వాత గ్రఫానా అనే కంపెనీ వాళ్ల "లోకి" (Loki) అనే టూల్ చూశాను. ఇది లాగ్‌లకు మనం తగిలించే లేబుళ్లను మాత్రమే ఇండెక్స్ చేసి, మిగతాదంతా కుదించి దాస్తుంది. చవక. అయితే నేను అతితెలివికి పోయి ఆర్డర్ నంబర్‌ను కూడా లేబుల్‌గా పెట్టాను. ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో స్ట్రీమ్ (ఒకే లేబుళ్లున్న లాగ్‌ల గుంపు) పుట్టుకొచ్చి వెతకడం నత్తనడక అయింది. నంబర్‌ను లాగ్ లైన్‌లోనే వదిలేసి, సర్వీస్ పేరు, ఎన్విరాన్‌మెంట్ (టెస్టా, లైవా అన్నది) మాత్రమే లేబుళ్లుగా ఉంచాక కుదుటపడింది.

అసలు దొంగ వేరే ఉన్నాడు. ఎప్పుడో ఏదో బగ్ కోసం పెట్టిన, ప్రతి చిన్న విషయాన్నీ లాగ్‌లో రాసే డీబగ్ లెవెల్ అలాగే ఉండిపోయింది (పెట్టింది నేనే, సార్‌కి చెప్పలేదు). పైగా పాత లాగ్‌లను చెరిపేసే గడువే లేదు, మొదటిరోజు నుంచీ పేరుకుపోతున్నాయి. డీబగ్‌ను, తక్కువ లైన్లు రాసే ఇన్ఫో లెవెల్‌కి మార్చి, సర్వీస్ బతికే ఉందా అని చూస్తూ 10 సెకన్లకోసారి పడే హెల్త్ చెక్ లైన్లు ఆపి, గడువు 30 రోజులు చేశాను. సీపీయూ, డిస్క్ అలర్ట్‌లను అంకెల కొలతలను గమనించే ప్రోమిథియస్ అనే టూల్‌కి అప్పగించాను, వాటికి లాగ్‌లతో పనిలేదు.

తర్వాతి నెల బిల్లు చూసి సార్ ఏమీ అనలేదు.