పండరి నడకకు భుజాన సంచి: ఏది మోయాలి, ఏది లారీలో వేయాలి

ఆషాఢ శుద్ధ ఏకాదశి నాటికి పండరిపురం చేరాలని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు నుండి దిండీలతో (భజన చేస్తూ కలిసి నడిచే భక్తుల బృందాలతో) బయలుదేరే తెలుగువారిలో మొదటిసారి నడిచేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దిండీలో పడక మూటలు, మార్చుకునే బట్టలు, వంట సామాను లారీలో సాయంత్రపు ముక్కాముకు (రాత్రి బసకు) చేరుతాయి కనుక, భుజాన వేసుకునే సంచిని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. నా మొదటి వారీలో (పండరి కాలినడక యాత్రలో) మా లారీ నల్లరేగడి బురదలో దిగబడి తెల్లవారుజాము దాకా రాలేదు. తడిసిన పంచెతోనే ఒక బడి వరండాలో ముడుచుకుని, పక్కనున్న పెద్దాయన తన గొంగడి అంచు నా మీద కప్పితే ఆ రాత్రి గడిపాను. అప్పటి నుండి నా లెక్క ఒక్కటే: పగటి నడకకు కావలసినవి, లారీ రాకపోతే ఆ ఒక్క రాత్రికి కావలసినవి సంచిలో ఉండాలి, తక్కినదంతా లారీలోకి పోవాలి.

వార్కరీలు, అంటే వారీ నడిచే విఠల భక్తులు, ఎక్కువగా వాడే ఒంటిపట్టీ శబ్నం సంచి చూడముచ్చటగా ఉంటుంది గానీ, రోజుకు ఇరవై కిలోమీటర్ల నడకలో అది ఒకే భుజాన్ని లాగుతుంది, తాళాలు వాయించేటప్పుడు ముందుకు జారి అడ్డం పడుతుంది. రెండు పట్టీలతో వీపున వేసుకునే చిన్న సంచి మేలు. పెద్ద సంచి కొంటే ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి నింపుతూనే ఉంటాం కనుక పిల్లల బడి సంచి అంతటిది చాలు. నిండిన తరువాత నీళ్లతో సహా కిరాణా దుకాణంలో కాటా మీద పెట్టి చూడండి. నాలుగు కిలోలు దాటితే ఏదో ఒకటి తీసేయవలసిందే.

మిరుగు (మృగశిర కార్తె) దాటాక నడుస్తాం కనుక వాన గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. గొంగడి తడిసినా వెచ్చగానే ఉంటుంది, కానీ నీరు పీల్చిన గొంగడి బరువు మోసినవారికే తెలుస్తుంది. దానిని లారీలో వేసి, సంచిలో ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గల మందపాటి ప్లాస్టిక్ పట్టా ఒకటి పెట్టుకోవాలి. వానలో తల మీది నుండి కప్పుకుంటే అది వీపును, సంచిని కలిపి కాపాడుతుంది, రాత్రి తడి నేల మీద పరుచుకోవడానికీ పనికివస్తుంది. గుంపులో గొడుగు విప్పితే దాని పుల్లలు పక్కవారి కళ్లకు తగులుతాయి, పైగా ఒక చేయి దానికే సరిపోతుంది. సంచికి పైతొడుగు ఉన్నా వీపు వైపు నుండి నీరు దిగక మానదు, కనుక సంచి లోపలే ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, వస్తువులన్నీ అందులో వేసి మూతి మెలిపెట్టి కట్టాలి. ఎరువుల బస్తాలో వచ్చే లోపలి కవరు గట్టిదే అయినా, తిండి పెట్టే సంచిలో దానిని వాడరాదు. రాత్రి పొడిగా గడపడానికి ఒక లుంగీ, ఒక బనియను, ఒక తువ్వాలు వేరే కవరులో కట్టి అడుగున పెట్టి, లారీ రాని రోజున తప్ప ఆ కవరును విప్పకూడదు. ఆడవారు లుంగీ బదులు ఒక పలుచని నూలు చీర పెట్టుకోవచ్చు.

బొబ్బలు రాపిడి వల్ల, తడి వల్ల వస్తాయి, కనుక కాళ్ల కోసం పెట్టుకునేవి చేతికి వెంటనే అందే అరలో ఉండాలి. తెల్లవారి బయలుదేరే ముందు మడమలకు, వేళ్ల సందులకు వ్యాజిలీను గానీ కొబ్బరినూనె గానీ రాసుకుని, మధ్యాహ్నపు విసావాలో (విశ్రాంతి మజిలీలో) మేజోళ్లు మార్చి, విప్పినవాటిని సంచి వెనుక పిన్నీసుతో తగిలిస్తే నడుస్తూండగానే ఆరుతాయి. ఎక్కడైనా చురుక్కుమన్న క్షణానే ఆగి బట్ట ప్లాస్టరు అంటించుకోవాలి. ముక్కాము దాకా ఓర్చుకుందామనుకుంటే అప్పటికి బొబ్బ లేచి ఉంటుంది. లేచిన బొబ్బ తోలు పీకకూడదు. దానంతటదే చిట్లితే సబ్బుతో కడిగి, మందు రాసి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. కొత్త చెప్పులతో వారీకి రావద్దు, కనీసం నెల రోజులు పొలానికీ బజారుకూ తొడిగినవే వేసుకోండి. రేగడి మట్టి చెప్పుకు అంటుకుంటే పొర మీద పొర పెరిగి అడుగు కిలో బరువు అవుతుంది, కాబట్టి గీకడానికి చిన్న వెదురు చెక్క ఒకటి సంచి పక్కన కట్టుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మొక్కు ఉన్నా సరే వట్టి కాళ్లతో నడవవద్దు. కాలికి తిమ్మిరి ఉంటే గాయమైన సంగతి కూడా వారికి తెలియదు.

నీటికి ఒక లీటరు సీసా చాలు, దారిలో ఊళ్లవారు నింపుతూనే ఉంటారు. బావి నీటి మీద నమ్మకం లేకుంటే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టును పూర్తి లీటరు నీటిలోనే కలపాలి. అర సీసాలో మొత్తం పోస్తే ద్రావణం చిక్కబడి మేలుకు బదులు కీడు చేస్తుంది. ప్యాకెట్టు దొరకనప్పుడు లీటరు మంచినీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి, కలుపుకోవచ్చు.

తిండి మాత్రం తక్కువగానే పెట్టుకోండి, దిండీలో పంగతికి (బంతి భోజనానికి) లోటుండదు. ఎండబెట్టిన రెండు జొన్నరొట్టెలు, పల్లిపొడి, కొంచెం బెల్లం ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ఒక పూట గడుస్తుంది. ధర్మాబాద్ మిరపకారం వెంట తెచ్చుకోకుండా మనవారు కదలరని తెలుసు, అయితే దానిని గట్టి మూత ఉన్న సీసాలోనే తెండి.

బీపీ, చక్కెర మాత్రలను లారీ మూటలో వేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రెండు రోజుల మందులు, డాక్టరు చీటీ నకలు, ఆధార్ నకలు, ఇంటివారి నంబరు, దిండీ పెద్దల నంబరు రాసిన కాగితం ఒకే జిప్ కవరులో ఉండాలి. ఫోను చార్జింగు అయిపోతే నంబర్లు ఎవరికీ నోటికి రావు. పది, ఇరవై నోట్లు చొక్కా జేబులోను, మిగిలిన డబ్బు లోపలి జేబులోను ఉంచుకుని, బంగారం ఇంట్లో వదిలి రావాలి. అభంగాలను (మరాఠీ భక్తి పాటలను) తెలుగు అక్షరాల్లో రాసుకున్న నోటుపుస్తకం ఉన్నవారు అదీ ఇందులోనే పెట్టుకోవచ్చు.

సర్దేటప్పుడు పొడి బట్టలు అడుగున, డబ్బా వీపుకు ఆనుకుని నడుమ, పట్టా అన్నిటికీ పైన ఉండాలి. నీళ్ల సీసా ఒక పక్క, బరువు సరితూగేలా టార్చి, కాళ్ల మందులు మరో పక్క పెట్టాలి. ఇలా నింపిన సంచితో బయలుదేరడానికి పది పదిహేను రోజుల ముందు, ధర్మాబాద్ వారైతే బాసర దాకా, తక్కినవారు తమకు దగ్గరి గుడి దాకా ఒక ఉదయం నడిచి చూడాలి. భుజం ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ వస్తువు అసలు బయటికే తీయలేదో ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది.

తిరుగు ప్రయాణంలో రొట్టెలు అయిపోయిన స్టీలు డబ్బాను పారేయవద్దు. పండరిలో కొన్న బుక్కా (నొసట పెట్టుకునే నల్లపొడి) పొట్లాన్ని అందులోనే పెట్టి మూత బిగించండి. కాగితపు పొట్లం తడిసి చిరిగితే ఆ నల్లపొడి తెల్లబట్టలన్నిటికీ పడుతుంది, ఎన్ని ఉతుకులకూ పూర్తిగా వదలదు.